చిన్న కెమెరా, రెండు ప్రయాణాలు: ఫోటోలు తీయడం నేను ఎలా నేర్చుకున్నాను

ఆరు రోజుల ప్రయాణం ముగించుకొని వచ్చి, మెమరీ కార్డులో ఉన్న ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి చూసుకుంటే మొత్తం 1,140 తేలాయి. వాటన్నింటినీ ఒక్కొక్కటిగా చూడడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం పూర్తయ్యేసరికి, ఎవరికైనా చూపించవచ్చు అనుకొని విడిగా పెట్టినవి 19 మాత్రమే మిగిలాయి. సంఖ్య తక్కువని నేను బాధపడలేదు. తెల్లవారుజామున చలిలో మెట్లెక్కి, కోట బురుజు మీద నిలబడి, కింద లోయలోని పొగమంచు మీదికి వెలుగు పాకుతుంటే ఊపిరి బిగబట్టి చూసిన ఆ దృశ్యం ఫోటోలో ఒక బూడిదరంగు గోడగానూ దాని వెనుక తెల్లగా పాలిపోయిన ఆకాశంగానూ మిగలడమే నన్ను బాధించింది. నేను చూసిందీ కెమెరా తెచ్చిందీ ఒకటి కాలేదు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోకుండా మళ్లీ కెమెరా పట్టుకొని ప్రయాణం చేయకూడదని నిశ్చయించుకున్నాను.

నా దగ్గర ఉన్నది జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా. పది రెట్ల జూమ్, 16 మెగాపిక్సెళ్లు, గోరంత ఫ్లాష్. లోపం కెమెరాదేనని, పెద్దది కొనుక్కుంటే సరిపోతుందని తెలిసినవాళ్లు కొందరు చెప్పారు. ఆ మాట నమ్మే ముందు నేను ఒక పని చేశాను. డిజిటల్ కెమెరా ప్రతి ఫోటోతో పాటు షట్టర్ వేగం (కాంతిని ఎంతసేపు లోపలికి రానిచ్చింది), అపెర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంది), ఐఎస్ఓ (కాంతికి కెమెరా ఎంత తీవ్రంగా స్పందించింది), జూమ్ స్థానం, ఫ్లాష్ వెలిగిందా లేదా, ఏ సమయానికి తీశాం అనే వివరాలను కూడా ఆ ఫైలులోనే రాసి పెడుతుంది. చెడిపోయిన ఫోటోలను ఒక్కొక్కటిగా తెరిచి, ఆ వివరాలను చూస్తూ, ఎందుకు చెడిపోయిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాను. చేయి కదిలినవి, ఫోకస్ వెనుక గోడ మీద పడినవి, ఆకాశం తెల్లగా కాలిపోయినవి, ఫ్లాష్ వెలిగి ముఖం మాత్రమే మెరిసి మిగతాదంతా చీకటైనవి, సాంకేతికంగా ఏ లోపమూ లేకపోయినా చూడడానికి ఏమీ లేనివి. రెండు వారాలు పట్టిన ఈ పని విసుగు పుట్టించేదే గాని, నాకు ఆ తరువాత ఏ పుస్తకమూ అంత నేర్పలేదు. చాలా ఫోటోలలో నిర్ణయం నాది కాదని, నేను బటన్ నొక్కడం తప్ప మిగతావన్నీ కెమెరా తనకు తోచినట్టు ఎంచుకుందని ఆ పుస్తకంలోని పేజీలు స్పష్టంగా చూపించాయి.

మొదట నేను అర్థం చేసుకోవలసి వచ్చింది కెమెరా లోపల కాంతిని అందుకొనే పలక, అంటే సెన్సర్, పరిమాణాన్ని. నా కెమెరాలో ఉన్నది 1/2.3 అంగుళాల సెన్సర్ అని కెమెరాతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ కొలత వింటే పెద్దదే అనిపిస్తుంది, కాని నిజానికి దాని పొడవు దాదాపు 6.2 మిల్లీమీటర్లు, వెడల్పు 4.6 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. పెద్ద కెమెరాలలో ఉండే 36 × 24 మిల్లీమీటర్ల సెన్సర్ వైశాల్యంతో పోలిస్తే ఇది దాదాపు 30 వంతులలో ఒక వంతు. ఇంత చిన్న పలక మీద పడే కాంతి కొద్దిగానే ఉంటుంది కాబట్టి, వెలుగు తగ్గినప్పుడు కెమెరా ఐఎస్ఓను పెంచి ఆ లోటును పూడ్చుకోవాలని చూస్తుంది. అప్పుడు చీకటి భాగాలలో ఇసుక చల్లినట్టు రంగురంగుల చుక్కలు లేస్తాయి, వాటిని చెరిపేసే ప్రయత్నంలో కెమెరా ఆకులనూ జుట్టునూ నీళ్లలో నానిన రంగుల్లా కలిపేస్తుంది. ఇంట్లో ఒకే కిటికీని ఐఎస్ఓ 100 నుంచి 1600 వరకు మార్చి మార్చి తీసి చూశాను. నా కెమెరాకు 400 దాకా పరవాలేదు, 800 అవసరమైతేనే, ఆపైన వద్దు అని తేలింది. ఆ రోజే ఆటో ఐఎస్ఓకు 400 వద్ద హద్దు పెట్టాను.

అదే కిటికీ దగ్గర అపెర్చర్‌ను కూడా మార్చి చూశాను. అపెర్చర్ ఎంత మూస్తే బొమ్మ అంత పదునుగా వస్తుందని ఎక్కడో చదివి, మొదటి ప్రయాణంలో కొన్ని దృశ్యాలను రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్/8 దగ్గర తీశాను. చిన్న సెన్సర్‌కు ఆ సలహా వర్తించదు. రంధ్రం మరీ చిన్నదైనప్పుడు కాంతి దాని అంచుల దగ్గర చెదిరి (దీన్నే వివర్తనం అంటారు) వివరాలు మెత్తబడతాయి. పైగా ఈ కెమెరాలో అపెర్చర్ తెరిచి ఉంచినా దగ్గరి బండ నుంచి దూరపు కొండ దాకా దాదాపు అన్నీ స్పష్టంగానే ఉంటాయి కాబట్టి, మూయవలసిన అవసరమే తక్కువ.

ఫోకస్ సంగతి తెలిశాక మాత్రం నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకంటే అది పూర్తిగా నా వేలి అలవాటుతో బాగుపడే విషయం. షట్టర్ బటన్‌కు రెండు మెట్లు ఉంటాయి. సగం నొక్కితే కెమెరా ఫోకస్‌నూ వెలుగు లెక్కనూ నిర్ణయించి అక్కడే పట్టి ఉంచుతుంది, పూర్తిగా నొక్కితే బొమ్మ తీస్తుంది. నేను ఒక్క ఊపున కిందికి నొక్కేసేవాణ్ని. నా కెమెరా వంటివి లెన్స్‌ను ముందుకూ వెనక్కూ కదుపుతూ, వెలుగునీడల అంచులు ఎక్కడ అత్యంత స్పష్టంగా కనిపిస్తాయో వెతికి అక్కడ ఆగుతాయి. ఆ వెతుకులాటకు కొంత సమయం పడుతుంది. ఏ గీతా లేని సున్నపు గోడ మీదో మసక చీకటిలోనో కెమెరాకు పట్టుకోవడానికి అంచు దొరకక అది దారి తప్పుతుంది. పరుగెత్తే పిల్లవాడు బొమ్మలో నుంచి సగం బయటికి వెళ్లిపోయిన ఫోటోలు, ముందున్న మనిషి మసకబారి వెనుక గోడ పదునుగా ఉన్న ఫోటోలు ఎందుకు వచ్చాయో అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఫోకస్ చతురస్రాన్ని తెర మధ్యలో స్థిరంగా ఉంచి, కావలసినదాని మీద పెట్టి సగం నొక్కి, వేలు తీయకుండా కెమెరాను పక్కకు జరిపి కూర్పు సరిచూసుకొని అప్పుడు పూర్తిగా నొక్కడం సాధన చేశాను. పిల్లవాడు వచ్చే చోటును ముందే ఊహించి, అంతే దూరంలో ఉన్న రాయి మీద సగం నొక్కి పట్టుకొని ఎదురుచూస్తే, అతను అక్కడికి రాగానే బొమ్మ వెంటనే పడుతుంది. రోజుకు పది చొప్పున, ఇంటి మెట్ల దగ్గర, ఒక నెల పాటు ఇదే చేశాను.

నేను అన్నిటికన్నా ఎక్కువ కాలం వెచ్చించినది వెలుగు లెక్క మీద. కోట బురుజు ఫోటో చెడిపోయింది అక్కడే. కెమెరాకు తన ముందున్నది ఏమిటో తెలియదు. ఎదుట ఉన్న దృశ్యంలోని వెలుగునంతా సగటు తీస్తే అది నడిమి బూడిదరంగుకు, అంటే తన మీద పడిన కాంతిలో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపే ఉపరితలానికి సమానమవుతుందనే ఊహ మీద అది పని చేస్తుంది. అందుకే తెల్లటి ఇసుక తిన్నెను తీస్తే దాన్ని బూడిదరంగులోకి దించుతుంది, నల్లరాతి శిల్పాన్ని తీస్తే దాన్ని కూడా బూడిదరంగులోకి ఎత్తుతుంది. బురుజు దగ్గర ముందున్న గోడ నీడలో ఉంది, చతురస్రం దాని మీదనే పడింది, దాన్ని బూడిదరంగుకు తేవడానికి కెమెరా వెలుగును ఎక్కువ తీసుకోగా ఆకాశమూ పొగమంచూ పూర్తిగా తెల్లబడిపోయాయి. అలా పూర్తిగా తెల్లబడిన చోట ఇక ఏ సమాచారమూ మిగలదు, దాన్ని తరువాత కంప్యూటర్‌లో ఎంత తగ్గించినా చదునైన బూడిదరంగు మరక తప్ప మేఘం తిరిగి రాదు. నీడలో మునిగిన భాగాన్ని మాత్రం కొంతవరకు పైకి లాగవచ్చు.

దీనికి మందు నా కెమెరా మీద మొదటి నుంచీ ఉంది. కూడికా తీసివేతా గుర్తులు కలిసి ఉన్న చిన్న బటన్ అది. కెమెరా ఎంచుకున్న వెలుగును మనం పెంచడానికీ తగ్గించడానికీ ఉన్న ఆ ఏర్పాటును ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. నా కెమెరాలో అది మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు, ఒక్కో మెట్టు మూడో వంతు చొప్పున కదులుతుంది (ఒక పూర్తి అంకె పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం). ఏడాది పాటు కెమెరా వాడినా నేను దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు తెల్లని దృశ్యానికి ప్లస్ వైపు రెండు మూడు మెట్లు, నల్లని వస్తువుకు మైనస్ వైపు రెండు మెట్లు, ప్రకాశించే ఆకాశం ఉన్న దృశ్యానికి మైనస్ వైపు ఒకటి రెండు మెట్లు జరిపి చూసుకుంటాను. ఎండలో తెర సరిగా కనిపించదు కాబట్టి హిస్టోగ్రామ్‌ను, అంటే ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా బొమ్మలో ఏది ఎంతుందో కొండలా గీసి చూపే పటాన్ని, నమ్ముతాను. ఆ కొండ ఆకారం కుడి అంచుకు గుద్దుకొని నిలువుగా లేచిందంటే ఎక్కడో వెలుగు కాలిపోతున్నట్టే. చిన్న కెమెరా చేతిలో ఉన్న ఎవరికైనా నేను మొదట చెప్పేది ఈ బటన్ గురించే, మిగతావి దీని తరువాతనే.

ఫ్లాష్ విషయంలో నా అలవాటును పూర్తిగా తిరగవేయవలసి వచ్చింది. కాంతి దూరం వెళ్లేకొద్దీ త్వరగా పలచబడుతుంది, దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకు మించి పెద్దగా పని చేయదు. ఇరవై మీటర్ల పొడవున్న రాతి మండపంలో నేను వెలిగించిన ఫ్లాష్ ముందున్న స్తంభాన్ని తెల్లగా చేసి, దాని వెనుక ఉన్న సౌందర్యాన్నంతా చీకట్లోకి నెట్టింది. ఇప్పుడు అలాంటి చోట ఫ్లాష్ ఆపేసి, కెమెరాను అరుగు మీదో స్తంభపు పీఠం మీదో ఆనించి, ఐఎస్ఓ 100 దగ్గర పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీస్తాను. వేలు నొక్కిన కుదుపు ఆ రెండు సెకన్లలో సద్దుమణుగుతుంది, షట్టర్ ఒక సెకను తెరిచి ఉన్నా రాతి చెక్కడం స్పష్టంగా వస్తుంది. కెమెరాలోని కుదుపు నివారణ వ్యవస్థ చేతి వణుకును తగ్గిస్తుందే గాని ఎదుట కదిలే మనిషిని ఆపలేదన్న సంగతి కూడా ఇక్కడే గమనించాను. ఫ్లాష్‌ను నేను వాడేది మిట్టమధ్యాహ్నం, టోపీ నీడలో కళ్లు కనిపించని ముఖానికి లేదా సూర్యుడికి వీపు పెట్టి నిలబడిన మనిషికి. రెండు మీటర్ల దూరంలో ఆ చిన్న వెలుగు చక్కగా సరిపోతుంది.

నోటుపుస్తకంలో సమయాలు చూసినప్పుడు మరొక సంగతి బయటపడింది. నేను తీసిన వాటిలో ఎక్కువ భాగం పొద్దున పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ మధ్య తీసినవి. విడిగా పెట్టిన 19లో ఒకటి రెండు తప్ప అన్నీ పదింటికి ముందో మూడింటి తరువాతో తీసినవి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కాంతి వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది, ఆ దారిలో నీలిరంగు చెదిరిపోయి పసుపూ ఎరుపూ మిగులుతాయి, పక్క నుంచి వచ్చే వెలుగు వల్ల రాతి మీది ప్రతి గీతకూ ఒక నీడ ఏర్పడుతుంది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు అదే శిల్పం చదునుగా కనిపిస్తుంది. ఆ వెచ్చని రంగు దృశ్యంలో నిజంగా ఉన్నా, బొమ్మలో తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులను సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని లోపమని భావించి సరిదిద్దేస్తుంది. అందుకే ఉదయమూ సాయంత్రమూ వైట్ బ్యాలెన్స్‌ను ఎండ గుర్తు మీద స్థిరంగా ఉంచుతాను.

ఏ సాంకేతిక లోపమూ లేకుండా, అయినా చూడడానికి ఏమీ లేని ఫోటోల గురించి ఎక్కువగా ఆలోచించాను, ఎందుకంటే వాటికి బటన్‌లో మందు లేదు. పెద్ద కెమెరాతో వెనుక ఉన్న చెత్తనంతా మసక చేసి మనిషిని విడదీసి చూపవచ్చు. చిన్న సెన్సర్‌తో అది సాధ్యం కాదు, వెనుక ఉన్న తీగలూ బోర్డులూ వాహనాలూ అన్నీ మనిషితో సమానంగా పదును తేరి కనిపిస్తాయి. కాబట్టి వెనుక ఏముండాలో నా కాళ్లే నిర్ణయించాలి. రెండడుగులు పక్కకు జరిగితే స్తంభం తల వెనుక నుంచి తప్పుకుంటుంది, మోకాళ్ల మీద కూర్చుంటే రోడ్డుకు బదులు ఆకాశం వస్తుంది. జూమ్‌ను పూర్తిగా లాగి, మనిషిని దగ్గరగానూ వెనుకటి గోడను చాలా దూరంగానూ ఉంచుకుంటే కొంత మసక దొరుకుతుంది, కాని అప్పుడు షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకు దగ్గరగా ఉందా అని చూసుకోవాలి. డిజిటల్ జూమ్‌ను మాత్రం మెనూలోనే ఆపేశాను. అది బొమ్మ మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేయడం మాత్రమే, రెండు రెట్లకే 16 మెగాపిక్సెళ్లలో నాలుగు మిగులుతాయి. విశాలమైన దృశ్యం తీసేటప్పుడు ముందుభాగంలో చేతికందేంత దగ్గరగా ఏదో ఒకటి, ఒక గడ్డిపొదో మెట్టు అంచో, ఉండేలా చూసుకోవడం కూడా అప్పుడే అలవాటు చేసుకున్నాను. అది లేకపోతే లోయ ఎంత లోతున్నా ఫోటోలో ఆ లోతు తెలియదు.

ఏడు నెలల తరువాత రెండో ప్రయాణానికి బయలుదేరాను. ఈసారి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. పాతకాలపు 35 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్టలో 36 బొమ్మలు ఉండేవి కాబట్టి, రోజుకు 36 మాత్రమే తీయాలి. మొదటి రోజు మధ్యాహ్నానికే 30 అయిపోయాయి, సాయంత్రం వచ్చిన మంచి వెలుగుకు ఆరే మిగిలాయి. రెండో రోజు ఉదయం నుంచీ బటన్ నొక్కే ముందు 'ఇందులో నాకు కావలసింది ఏమిటి' అని నన్ను నేను ప్రశ్నించుకోవడం మొదలుపెట్టాను. జవాబు రాకపోతే కెమెరా దించేసేవాణ్ని. మూడో రోజు సముద్రపు ఒడ్డున అలల మీదికి దూకే పిల్లల దగ్గర ఈ నియమం నిలబడలేదు, నిలబెట్టడం సరికాదు కూడా. కదిలేవాటికి వరుసగా పదీ పదిహేనూ తీస్తే గాని ఒక సరైన క్షణం దొరకదు. కాబట్టి నిలకడగా ఉన్నవాటికి మాత్రమే ఆ లెక్క పాటించాను.

ఆ ఒడ్డునే ఒక నష్టం కూడా జరగబోయింది. గాలికి లేచిన ఇసుక రేణువు ముందుకు సాగిన లెన్స్ గొట్టపు సందులో ఇరుక్కొని, లెన్స్ వెనక్కి వెళ్లకుండా కెమెరా మొరాయించింది. మెత్తని బ్రష్‌తో ఓపికగా దులిపితే అదృష్టం కొద్దీ బయటపడింది. అప్పటి నుంచి ఇసుక ఉన్నచోట తీసిన వెంటనే కెమెరాను ఆపేసి మూత బిగుసుకునే సంచిలో పెడుతున్నాను. చల్లని గదిలో నుంచి వేడి, తేమ ఉన్న గాలిలోకి వచ్చినప్పుడు లెన్స్ మీద ఆవిరి పట్టకుండా, అదే సంచిలో అరగంట ఉంచి తరువాత తీస్తాను. లెన్స్ చిన్నది కాబట్టి ఒక్క వేలిముద్ర దానిలో పెద్ద భాగాన్నే కప్పేస్తుంది, అందువల్ల ప్రతి ఉదయం మెత్తని గుడ్డతో తుడవడం తప్పనిసరి.

చిన్న కెమెరా ఇచ్చే ఒక మేలు నాకు మనుషుల దగ్గర తెలిసింది. వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర ముందు కెమెరా తీయకుండా కూర్చొని, ఆయన పని చూస్తూ కాసేపు మాట్లాడి, 'తాతగారూ, మీ చేతులను ఒక ఫోటో తీసుకోవచ్చా' అని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. అరచేతిలో ఇమిడిపోయే ఆ వస్తువును చూసి ఆయన బిగుసుకోలేదు, సర్దుకొని కూర్చోలేదు, వేళ్లు తమ పనిలో తాము ఉన్నాయి. పక్క నుంచి సాయంత్రపు వెలుగు పడుతుండగా, దారం మీద సగం నొక్కి, మైనస్ వైపు ఒక మెట్టు జరిపి, నాలుగు బొమ్మలు తీశాను. తెర మీద చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, ముడి వేస్తున్న క్షణంలో తీసిన మూడోదే బాగుందన్నారు. తన పని తెలిసినవాడు ఎంచినది కాబట్టి నేనూ దాన్నే ఉంచుకున్నాను.

తిరిగి వచ్చేసరికి తొమ్మిది రోజులకు 410 ఫోటోలు ఉన్నాయి. ఈసారి వాటిని వెంటనే ఎంచలేదు. రెండు చోట్ల నకలు దాచి, మూడు వారాలు ఆగాను. అలసటా ఉత్సాహమూ తగ్గాక చూస్తే, నేను కష్టపడి ఎక్కి తీసినవనే కారణంతో ఇష్టపడినవి పక్కకు తప్పుకొని, నిజంగా నిలబడగలిగినవి ముందుకు వచ్చాయి. అవి 46. నోటుపుస్తకంలో మళ్లీ రాసుకున్నాను. చేయి కదిలినవి చాలా తగ్గాయి, కాలిపోయిన ఆకాశాలు నాలుగు, తప్పు ఫోకస్ పదకొండు. ఎగిరే పక్షులు ఒక్కటీ సరిగా రాలేదు, రాత్రి వేదిక మీది నృత్యం కూడా రాలేదు. ఆ రెండింటికీ ఈ సెన్సర్, ఈ ఫోకస్ వేగం చాలవని ఇప్పుడు తెలుసు కాబట్టి, అలాంటి చోట కెమెరాను జేబులో పెట్టి కళ్లారా చూస్తున్నాను.

కోట బురుజుకు మాత్రం ఆ ప్రయాణంలోనే దారి మళ్లించుకొని మరొకసారి వెళ్లాను. సూర్యోదయానికి నలభై నిమిషాల ముందే చేరి, గోడను బొమ్మలో మూడో వంతుకు తగ్గించి, పొగమంచు మీద సగం నొక్కి, మైనస్ వైపు రెండు మెట్లు జరిపి ఉంచుకున్నాను. ఆ రోజు మంచు మునుపటంత దట్టంగా లేదు. వెలుగు లోయలోకి దిగుతున్నప్పుడు ఏడు బొమ్మలు తీశాను. ఐదోదానిలో గోడ నల్లగా, దాని అంచు మీద సన్నని బంగారు గీత, కింద మంచులో మూడు చెట్ల తలలు కనిపిస్తున్నాయి. దాన్ని అచ్చు వేయించి, మొదటి ప్రయాణంలోని బూడిదరంగు ఫోటో పక్కన, అదే నోటుపుస్తకంలో అతికించాను.